కుడతిని బూడిద

"కోర్టు అర్జీ మీద సంతకం పెట్టేదే లేదు మేడం! నన్ను దొంగ అన్న మనిషి పక్కన కూర్చోని నేను సంతకం పెట్టను!"

హంపేశ్ విసిరిన పెన్ను బల్ల మీద రెండు పల్టీలు కొట్టి, సరిగ్గా సౌభాగ్య కాఫీ గ్లాసులో మునిగింది.

సౌభాగ్య గ్లాసు వైపు చూసింది. గోడ గడియారం వైపు చూసింది. తొమ్మిదీ యాభై.

"పెన్ను నాదప్పా. కాఫీ కూడా నాదే. ఇంకేమన్నా విసరాలంటే నీ సొంతది విసురు."

"ఆయన సొంతది యాడుండాదక్కా? కోపం తప్ప!" వరండాలోంచి పుష్పావతి గొంతు ఖంగుమంది. "క్యాలెండరు ఎత్తకపోయి, మళ్ళా అరుస్తాండాడు చూడు!"

"ఎత్తకపోయింది నువ్వే!"

"నేనా? బూడిద నా కాళ్ళకుండాదా నీ కాళ్ళకుండాదా?"

పదకొండు గంటలకు సిరుగుప్ప కోర్టు మొదలవుతుంది. పదకొండున్నరకు వీళ్ళ కేసు పిలుస్తారు. నిన్న సాయంత్రం దాకా ఇదే ఆఫీసులో ఒకరికొకరు మంచినీళ్ళు అందించుకున్న మొగుడూ పెళ్ళాం, ఈ పొద్దున ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. విడిపోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ ఒప్పుకున్న కాగితమే పోయింది.

సౌభాగ్యకు నలభై రెండేళ్ళు. పదిహేనేళ్ళుగా కాపురాల కేసులు తప్ప ఇంకో కేసు ముట్టుకోని వకీలు. ఊళ్ళో 'విడగొట్టే వకీలమ్మ' అంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆమె నవ్వేస్తుంది. "విడగొట్టుకునేది వాళ్ళు. చేతులు కోసుకోకుండా చూసేది నేను."

ఆమె పద్ధతే వేరు. వచ్చిన జంటకు మొదటి రోజు చట్టం చెప్పదు. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టి, ఎదుటి మనిషిలో ఉన్న ఒక్క మంచి గుణం కాగితం మీద రాయమంటుంది. రెండోసారి వచ్చినప్పుడు చేతికి గోడ క్యాలెండరు ఇస్తుంది. తండ్రికి నీలం పెన్సిలు, తల్లికి ఎర్ర పెన్సిలు. బిడ్డ ఏ రోజు ఎవరి దగ్గర ఉండాలో ఇద్దరూ కూర్చుని పన్నెండు నెలలూ రంగు వేయాలి. ప్రతి నెల కిందా ఇద్దరి సంతకాలు. ఆ క్యాలెండరే ఒప్పందానికి ప్రాణం.

హంపేశ్, పుష్పావతిలకు అయిదు నెలలు పట్టింది. ఒక్క పంచమి పండగకే నాలుగు దఫాల బేరాలు. పీర్ల పండగకు ఇంకో రెండు. అంత కష్టపడి రంగులు వేసిన క్యాలెండరు ఈ పొద్దున పక్క గది బీరువాలో లేదు. దాని బదులు కిటికీ నుంచి బీరువా దాకా నేల మీద బూడిద అడుగులు ఉన్నాయి.

హంపేశ్ ఉద్యోగం కుడతిని కరెంటు ఫ్యాక్టరీలో. బొగ్గు కాలిన బూడిదను బయటికి పంపే విభాగంలో.

"అక్కా, అందరూ ముందు నీళ్ళు తాగండి," అంటూ చెంబు పట్టుకుని లోపలికి వచ్చాడు మౌనేష్. పుష్పావతి అన్న. ఏడాదిగా ఆమె, బిడ్డ ఉంటున్నది ఇతని ఇంట్లోనే. కెంచనగుడ్డలో నది దాటించే పుట్టీలు ఆగే రేవు దగ్గర, బొరుగులతో చేసే ఉగ్గాని బండి పెట్టుకున్న మనిషి. ముప్పై అయిదేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఎక్కడికి పోయినా చేతిలో తినే వస్తువు లేకుండా పోడు. ఈ పొద్దున కూడా పెద్ద తపేలా నిండా ఉగ్గాని, బుట్ట నిండా మిరపకాయ బజ్జీలు తెచ్చి ఆఫీసు వరండాలో అందరికీ పెట్టాడు. "బావా, నువ్వు కూడా తాగు. కోపంలో నీళ్ళు తాగితే పొలమారతాది, నిదానంగా తాగు."

"నీ నీళ్ళు నాకొద్దు బావా."

"ఆయ్తు బిడు, వద్దంటే వద్దులే. అక్కా, నువ్వు తాగు."

అప్పుడే గుమ్మంలో నల్లకోటు మెరిసింది. వకీలు దేవరాజ్. ఇస్త్రీ మడత చెదరని కోటు, అద్దంలా మెరిసే బూట్లు. ఏడాది కిందట హంపేశ్ తరఫున 'బిడ్డ నాకు కావాలి' అని కేసు వేసింది ఈయనే. క్యాలెండరు కోర్టుకు చేరితే ఆ కేసు మూతపడుతుంది. చేరకపోతే ఆ కేసే ముందుకు వస్తుంది. జడ్జిగారు ఏడేళ్ళ హొన్నిని గదిలోకి పిలిచి, 'అమ్మ కావాలా, నాన్న కావాలా' అని అడుగుతారు.

"రంగు పెన్సిళ్ళతో కోర్టు నడపద్దని నేను అప్పుడే చెప్పినా సౌభాగ్య మేడం," అన్నాడు దేవరాజ్ కుర్చీ లాక్కుంటూ. "నా క్లయింటును ఎవరో ఇరికించినారు. ఎవరో ఏంది, ఇంకెవరు? సుమ్నే, ఊరికే టైం వేస్టు. పిల్లను పిలవండి. పొద్దున్నుంచి వరండాలోనే ఉండాది. ఎవరు తీసినారో చూసే ఉంటాది. రెండు నిమిషాల పని."

"పిల్లను అడగం," అంది సౌభాగ్య.

"ఎందుకు?"

"అడగం కాబట్టి."

ఆమె లేచి తలుపు వైపు నడిచింది. గడియారం తొమ్మిదీ యాభై ఏడు.

* * *

"మొత్తం చెప్పు పిచ్చయ్యన్నా. గంటలతో చెప్పు. కథలు వద్దు."

గుమాస్తా పిచ్చయ్య అరవై దాటిన మనిషి. బీరువా తాళంచెవి బీరువాకే వేలాడదీసే అలవాటు, ఎన్నిసార్లు తిట్టినా మానుకోలేదు. ఇప్పుడు మొహం చిన్నబుచ్చుకుని నిలబడ్డాడు.

"ఉచ్చంగెమ్మ ఏడూ నలభై అయిదుకు నేల తుడిచిందమ్మా. ఎనిమిదింటికి పోయింది. ఎనిమిదీ అయిదుకు నేను బీరువా తీసి ఇరవై నాలుగు సంతకాలూ లెక్కబెట్టి లోపల పెట్టినా. ఎనిమిదీ పదికి పుష్పావతి, మౌనేష్, పిల్ల ఆటోలో దిగినారు. ఇరవైకి హంపేశ్ బండి మీద వచ్చినాడు. ఆ ఎంబడే దేవరాజ్ సారు. ఇరవై అయిదుకు అందరికీ ఉగ్గాని పెట్టినాడు మౌనేష్. నలభైకి మీరొచ్చి బీరువా తెరిచినారు. అప్పుడు లేదు."

"బీరువా గదిలోకి ఎవరెవరు పోయినారు?"

"అందరూ పోయినారు. చేతులు కడిగే కొళాయి పెరట్లో కదా. ఆ గదిలోంచే దారి. హంపేశ్ పోయినాడు, పుష్పావతి పిల్లను తీసుకోని పోయింది, మౌనేష్ తపేలా కడగల్లని పోయినాడు. సారు ఫోను మాట్లాడతానని మూడు నిమిషాలు తలుపేసుకున్నాడు."

"తపేలా కడిగినాడా?"

"యాడ కడిగె? పోయినట్లే పోయి మూట కట్టి ఆటోలో పెట్టేసె." పిచ్చయ్య గొంతులో అసలు బాధ అప్పుడు బయటపడింది. "అమ్మా, ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. మౌనేష్ చేత్తో ఉగ్గాని తింటే రెండోసారి వద్దన్నా వేస్తాడు. చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీదనే వేస్తాడు. ఈ పొద్దు నేనే అడిగితే, అయిపోయిందంటాడు. అంత తపేలా! ఆరు మందికి అయిపోయిందంటే నేను నమ్మాలా?"

"నీ కడుపు కేసు తరువాత చూస్తా."

"సీసీ కెమెరా పెట్టిద్దామని నేను మూడేండ్లుగా..."

"కెమెరా ముందర ఎవరన్నా ఏడుస్తారా పిచ్చయ్యన్నా? ఏడవకుండా ఎవరన్నా విడిపోతారా?"

సౌభాగ్య గొంతు తగ్గించింది. "ఇది చెప్పు. బూడిద అడుగులు ముందు చూసింది ఎవరు? నువ్వా?"

"నేను యాడ చూసినా! మీరు నేల వైపు చూడకుండా పోయి బీరువా తెరిచి అరవగానే అందరూ లేచినారు. మౌనేష్ కిటికీలోంచి తొంగి చూసి, 'అయ్యో, కుడతిని బూడిద!' అన్నాడు. అప్పుడు గొడవ మొదలు. నేను ఎవర్నీ లోపలికి రానీకుండా తలుపు వేసేసినా."

"అంటే పుష్పావతి బూడిద చూడలే?"

"లేదమ్మా. విన్నది, అంతే."

సౌభాగ్య తల ఆడించి వరండాలోకి వచ్చింది.

మూల బెంచీ మీద హొన్ని కూర్చుని ఉంది. రెండు జడలు. ఒకటి చెవి పైన, ఒకటి చెవి కింద. మామ వేసిన జడలని చూస్తేనే తెలుస్తుంది. ఒళ్ళో కాగితం, చేతిలో పెన్సిలు. బొమ్మ వేయడం లేదు. పెన్సిలు ముల్లును కాగితంలోకి గుచ్చి గుచ్చి తిప్పుతోంది.

"ఆంటీ," అంది తల ఎత్తకుండానే. "నాకు తెలుసు."

"నాకు చెప్పొద్దు తల్లీ."

హొన్ని తల ఎత్తింది.

"నువ్వు చెప్పాల్సిన పని లేదు," అంది సౌభాగ్య పక్కన కూర్చుంటూ. "కనుక్కోవడం నా పని. నువ్వు బొమ్మ వేసుకో. ఎవరు అడిగినా, 'వకీలాంటీ చెప్పొద్దన్నది' అను. సరేనా?"

ఆ పిల్ల భుజాలు అర అంగుళం కిందికి దిగాయి. ఎవరో వీపు మీది బరువు దించినట్టు.

సౌభాగ్యకు ఆ బరువు బాగా తెలుసు. ఆమెకు తొమ్మిదేళ్ళప్పుడు దేశనూరులో నాటు కూలికి పోయే అమ్మానాన్నలు పంచాయతీకి ఎక్కారు. పెద్దమనుషులు ఆమెను నడి మధ్యలో నిలబెట్టి, "ఎవరు కావల్లో ఆడికి పో" అన్నారు. పొద్దున నిలబడిన పిల్ల మిట్టమధ్యాహ్నం దాకా కదల్లేదు. చివరికి దాహమేసి నీళ్ళ కుండ దగ్గరికి పోతే అందరూ నవ్వారు. ఆ కుండ పక్కన అమ్మ ఉంది. అంతే, తేలిపోయిందన్నారు. ఒక్క అడుగు ఇటు పడినందుకు నాన్న పదకొండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. బళ్ళారిలో లా చదివేటప్పుడే సౌభాగ్య ఒట్టు పెట్టుకుంది. తన చేతిలో ఉన్న ఏ కేసులోనూ, ఏ బిడ్డనూ ఆ నడి మధ్యలో నిలబెట్టనివ్వకూడదని.

పదీ అయిదు. ఆమె కొంగు నడుముకు దోపి, తలుపు తెరిచి గదిలోకి అడుగుపెట్టింది.

* * *

కిటికీ నుంచి బీరువాకు ఏడు అడుగుల దూరం. నేల మీద బూడిద ముద్రలు ఆరు. సౌభాగ్య మోకాళ్ళ మీద కూర్చుంది. ముద్రలకు మడమ ఉంది, మునివేళ్ళ భాగం ఉంది, కానీ బూటు గీతలు లేవు. చేత్తో చల్లి, అరచేత్తో అద్దిన బూడిద. నేలకు అంటుకోలేదు. ఊదితే లేస్తోంది. అంటే తుడిచిన తడి ఆరిన తరువాత పడింది.

ఆమె చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపింది. గరగరమంది.

ఆమె భృకుటి ముడిపడింది. ఇంకో చిటికెడు తీసింది. వెలుతురులోకి పట్టింది. నల్లగా, మధ్య మధ్య తెల్లగా, పడవ ఆకారంలో సన్నటి పొట్టు తునకలు.

చూస్తుండగానే ఆ చిటికెడు బూడిదను పంటి మీద పెట్టి వేలితో రుద్దింది.

"శివ శివా!" గుమ్మంలోంచి పిచ్చయ్య గుండె పట్టుకున్నాడు. "సాక్ష్యాన్ని తింటాండారా అమ్మా?"

"తినడంలే. పదో తరగతి దాకా దీంతోనే పళ్ళు తోముకున్నా," అంది సౌభాగ్య. ఆమె నవ్వుతోంది. పళ్ళు నల్లగా ఉన్నాయి. "నోట్లో పడినంక మర్చిపోతానా!"

లేవబోతూ ఆగింది. బీరువా వెనక గోడ వారగా చిన్నదేదో పచ్చగా మెరిసింది. చేతిరుమాలుతో తీసింది. మిరపకాయ తొడిమ. దానికి ఇంకా నూనె తడి ఆరలేదు.

ఆమె మూడు అడుగుల్లో వరండాలోకి వచ్చింది. "దేవరాజ్ సార్, మీరు పొద్దున ఆ గదిలో ఫోను ఎవరితో మాట్లాడినారు?"

"అది నా సొంత విషయం."

"తలుపు ఎందుకు వేసుకున్నారు?"

"క్లయింటు రహస్యం. నన్ను విచారణ చేసే హక్కు మీకెవరిచ్చినారు? వకీలా మీరు, డిటెక్టివా?"

"ఆ క్లయింటు పేరు మిరపకాయ బజ్జీనా?" సౌభాగ్య చేతిరుమాలు విప్పింది.

దేవరాజ్ మొహం కోటు కన్నా నల్లబడింది. హొన్ని పెన్సిలు గుచ్చడం ఆపింది.

"ఎన్ని?" అంది సౌభాగ్య.

"...నాలుగు." గొంతు సవరించుకున్నాడు. "డాక్టరు నూనె మానమన్నాడు. మా ఆవిడ తమ్ముడు కోర్టులోనే టైపిస్టు. వాని కంట్లో పడితే సాయంత్రానికి ఇంట్లో కేసు. ఈ సంగతి..."

"నా నోరు దాటదు. ఒక్కటే చెప్పండి. మీరు తినేటప్పుడు నేల మీద బూడిద ఉండిందా?"

దేవరాజ్ తన బూట్ల వైపు చూసుకున్నాడు. పొగరు మనిషే గాని అబద్ధం ఆడే వకీలు కాడు. "లేదు. నేను కిటికీకీ బీరువాకూ నడుమనే నిలబడినా. ఉండుంటే నా బూట్లు చూడండి, ఇట్ల మెరుస్తాయా? బయటికొచ్చేసరికి ఎనిమిదీ ముప్పై."

"అయితే దొంగతనం ఎనిమిదీ ముప్పైకి, నలభైకి మధ్యలో. పది నిమిషాలు." సౌభాగ్య హంపేశ్ వైపు తిరిగింది. "బూట్లు విప్పు."

"మీరు కూడానా మేడం?" హంపేశ్ రెండు కాళ్ళూ వెనక్కి లాక్కున్నాడు.

"విప్పప్పా. నీ మంచికే."

ఆమె బల్ల మీద న్యూస్‌పేపర్ పరిచింది. హంపేశ్ డ్యూటీ బూట్లను దాని మీద బోర్లించి రెండు దెబ్బలు కొట్టింది. గీతల సందుల్లోంచి మెత్తటి పొడి రాలింది. సిమెంటులా తెల్లటి బూడిద రంగు. వేలు పెడితే పౌడరులా జారిపోయింది. ఆ పక్కనే ఇంకో కాగితంలో గది నేల మీది బూడిద పోసింది. నల్లగా, గరుకుగా, పొట్టు తునకలతో.

"ఇది బొగ్గు బూడిద. ఇది వడ్ల ఊక కాలిన బూడిద. ఈ ఊరి రైసు మిల్లుల చుట్టూ గుట్టలు గుట్టలు. కుడతినిలో పనిచేసే మనిషి బూట్లకు ఊకబూడిద యాడ అంటుతాది?"

"నేను చెప్పలే?" దేవరాజ్ చిటిక వేశాడు. పోయిన పరువు తిరిగి వచ్చినట్టు లేచి నిలబడ్డాడు. "నా క్లయింటు నిర్దోషి. ఎవరో కావాలని ఆయన మీదికి తోసినారు. ఆయన మీద కోపం ఎవరికి? భార్యకు. ఇంకేం కావల్ల? కోర్టుకు పోదాం పదండి. పిల్లను జడ్జిగారే అడుగుతారు."

"కూర్చోండి సార్. బజ్జీలు అరగనీయండి." సౌభాగ్య గడియారం చూసింది. పదీ ముప్పై ఎనిమిది. "పుష్పా, ఇటు రా. ఈ రెంట్లో మీ ఆయన బూడిద ఏది?"

పుష్పావతి చీర చెంగుతో మొహం తుడుచుకుంటూ వచ్చింది. రెండు కాగితాల వైపు ఒక్క చూపు చూసింది. చెయ్యి కూడా పెట్టలేదు.

"ఇది. తెల్లది."

"గదిలో దొరికింది ఈ నల్లది."

"ఇదా?" ఆమె నోరు తెరిచింది. "ఇది ఊకబూడిద కదక్కా! దీన్ని ఎవరు కుడతిని బూడిద అన్నింది? కళ్ళు పోయినాయా? ఆరేండ్లు ఆయన యూనిఫాం ఉతికినా. ఆ తెల్ల బూడిద కాలర్లో పడితే మూడు నీళ్ళకు కూడా పోదు. చేతులు పగిలిపోతాయి. నాకు తెలీదా?"

సౌభాగ్య సొరుగులోంచి ఒక కాగితం తీసింది. అయిదు నెలల కిందటిది. మొదటి రోజు బెంచీ మీద కూర్చుని హంపేశ్ రాసిన మంచి గుణం. పైకి చదివింది.

"'నా బట్టల్లోంచి బూడిద పోగొట్టే మనిషి ఆమె ఒక్కతే.'"

పుష్పావతి మెడ చాపి ఆ కాగితం వైపు చూసింది.

"ఇప్పుడు చెప్పండి దేవరాజ్ సార్. మొగుణ్ణి ఇరికించల్లంటే ఈమె ఊకబూడిద చల్లుతాదా? ఆ బూడిదతో ఆరేండ్లు కుస్తీ పట్టిన మనిషి! ఈ తప్పు భర్త చెయ్యడు, భార్య చెయ్యదు. కుడతిని బూడిద ఎట్లుంటాదో కంటితో చూడని మనిషి చేసిన తప్పు ఇది." ఇంకో కాగితం తీసింది. "పుష్ప రాసింది కూడా వినండి. 'అబద్ధం చెప్పడు.' రెండే మాటలు. పొద్దున ఈ రెండు మాటలు నీకెందుకు గుర్తుకు రాలేదు తల్లీ?"

పుష్పావతి తల దించుకుంది. తరువాత నేరుగా హంపేశ్ వైపే తిరిగింది. "తప్పయింది. చూడకుండా నోరు జారినా."

హంపేశ్ బూట్లు లేని కాళ్ళతోనే బల్ల దగ్గరికి వచ్చాడు. "నేను కూడా అన్నా కదా. సరి." కాఫీ గ్లాసులోంచి పెన్ను తీసి, చొక్కాకు తుడుచుకున్నాడు. "యాడ పెట్టల్ల మేడం సంతకం?"

"మొదట క్యాలెండరు దొరకనీ."

"ఎవరు తీసినారు మరి?"

పదీ నలభై అయిదు. సౌభాగ్య బెంచీ మీద చతికిలబడి పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. "చెప్తా గాని, ముందు ఆకలేస్తాండాది. అందరూ తిన్నారు. నేనొచ్చేసరికి గొడవ. నాకింత ఉగ్గాని పెట్టు."

మౌనేష్ ఉలిక్కిపడ్డాడు. "అయిపోయిందక్కా. మధ్యాన్నం వేడిగా చేసి తెస్తా."

"అడుగున ఉన్నదే పెట్టు. నాకు అడుగుదే ఇష్టం."

"అడుగంటిందక్కా. మాడు వాసన."

"మాడినా పర్వాలే."

"అబ్బే, సల్లగయిపోయింది. నువ్వు తినేది కాదు." మౌనేష్ నుదుటి మీద చెమట బొట్లు కట్టింది.

"విన్నారా అమ్మా!" పిచ్చయ్య ముందుకు దూకాడు. "నాకు అయిపోయింది. మీకు మాడిపోయింది. ఇప్పుడు సల్లారిపోయింది. ఒక తపేలాకు మూడు రోగాలు!"

"ఆటోలో మూట ఉండాది. పట్రా పిచ్చయ్యన్నా."

పిచ్చయ్య అరవై ఏళ్ళ మనిషిలా పోలేదు. ఇరవై ఏళ్ళ మనిషిలా పోయి వచ్చాడు. గుడ్డ మూట బల్ల మీద దిగింది. తపేలా అడుగు నల్లగా, మసి పట్టి ఉంది. మసి మధ్యలో అక్కడక్కడా పడవ ఆకారపు తెల్ల తునకలు అంటుకుని ఉన్నాయి. అందరి ఇళ్ళలోనూ గ్యాసు వచ్చింది. సిరుగుప్ప చుట్టుపక్కల ఇంకా ఊకపొయ్యి మీద వండేవాళ్ళు వేళ్ళ మీద లెక్క.

సౌభాగ్య ముడి విప్పింది. మూత తీసింది. సగం తపేలా ఉగ్గాని అలాగే ఉంది. పిచ్చయ్య కళ్ళు ఆనందంతో మెరిశాయి. ఆమె గరిటె తిప్పింది. బొరుగుల కిందినుంచి, చుట్టచుట్టిన ప్లాస్టిక్ కవరు ఒకటి బయటికి వచ్చింది.

క్యాలెండరు. పన్నెండు నెలలూ, ఇరవై నాలుగు సంతకాలూ, అక్కడక్కడా హొన్ని వేసిన చుక్కలూ చెక్కుచెదరలేదు. పంచమి నెల మీద మాత్రం చిన్న పసుపు మరక.

"చింపలేదు," అంది సౌభాగ్య మెల్లగా. "కాల్చలేదు. ఊకపొయ్యిలో పడేస్తే రెండు నిమిషాల్లో అయిపోయేది. పిల్ల చేతి చుక్కలుండాయని చేతులు రాలేదు. దొంగ కాదు ఈ మనిషి. దొంగతనం చేతకాని మనిషి."

ఆమె పెన్సిళ్ళ డబ్బా తెరిచింది. నీలం, ఎరుపు పక్కకు నెట్టి, కొత్తగా చెక్కిన పచ్చ పెన్సిలు తీసి క్యాలెండరు మీద పెట్టింది.

"ఇందులో నా తప్పు కూడా ఉండాది. రెండు రంగులే పెట్టినా. ఏడాదిగా ఈ పిల్లకు వంకర జడలు వేసి, పెరుగన్నం కలిపి, పుట్టిలో తిప్పి, బడికి పంపిన మూడో మనిషికి ఒక్క దినం కూడా రాయలే. సగం దినాలు పిల్ల కుడతినికి పోతే ఇల్లు ఎట్లుంటాదో ఆ మనిషిని ఎవరన్నా అడిగినామా? కోర్టులో వీళ్ళు కొట్టుకుంటే పిల్ల కెంచనగుడ్డలోనే ఉండిపోతాదని ఆశపడినాడు. బావ మీదికి నేరం తోసేదానికి బూడిద తెచ్చినాడు, తన పొయ్యిదే తెచ్చినాడు. కుడతిని బూడిద ఏ రంగో ఆయనకు తెలిసే దారి లేదు. చెల్లెలి పెండ్లిలో తను వండిన చిత్రాన్నంలో ఉప్పు ఎక్కువైందని మగపెండ్లివాళ్ళు అన్నారని, ఆ ఊళ్ళో కాలు పెట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఎనిమిదేండ్లయినా ఒట్టు తప్పలే."

"ఉప్పు ఎక్కువే ఉండె..." హంపేశ్ గొణిగి, అంతలోనే నోరు మూసుకున్నాడు. అతని కళ్ళు మెల్లగా ఒక వైపుకు తిరిగాయి. పుష్పావతి చెయ్యి నోటికి అడ్డం పోయింది.

మూల బెంచీ మీద హొన్ని లేచి నిలబడింది. ఏ వైపుకూ అడుగు వేయలేదు. వేయాల్సిన అవసరం లేదు. ఆ మాట ఆమె నోట్లోంచి రావాల్సిన పని ఇక ఎప్పటికీ లేదు.

పదీ యాభై రెండు. కోర్టు నాలుగు వీధుల దూరం.

సౌభాగ్య పచ్చ పెన్సిలు చేతిలోకి తీసుకుంది. చెంబు పట్టుకుని గోడకు అతుక్కుపోయిన మనిషి ముందుకు చాపింది.

"రంగు వేసుకో. ఆదివారాలు చాలా? చాలకపోతే ఇప్పుడే అడుగు, కోర్టుకు టైం అయితాండాది. ఈ క్యాలెండరు తీసింది నువ్వే కదా, మౌనేషప్పా!"